సంభూయ సముత్థానం: యానాం ఎల్ల మీద ఒక ధర్మవిచారం

బలవంతుడూ బలహీనుడూ కలిసి ఒక పరిశ్రమకు పూనుకున్నప్పుడు బలహీనునికి దక్కేది దానమా, పరిహారమా, భాగమా అనే ప్రశ్న పైకి ఆర్థికశాస్త్రానికి చెందినట్టు కనిపించినా, దాని వేళ్లు ధర్మవిచారంలోనే ఉన్నాయి. వర్తమాన కాలంలో ఈ ప్రశ్న వాణిజ్య కూటములకూ పరివర్తన దశలో ఉన్న ఆర్థిక వ్యవస్థలకూ మధ్య జరిగే పారిశ్రామిక సహకారం రూపంలో ముందుకు వస్తున్నది. వాణిజ్య కూటమి అంటే తమలో తాము సుంకాల గోడలు తొలగించుకుని, బయటివారి సరుకుల విషయంలో ఒక కట్టడికి లోబడే రాజ్యాల కలయిక. పరివర్తన దశలోని ఆర్థిక వ్యవస్థ అంటే ఒక పాలన నుంచి, ఒక ధరల పద్ధతి నుంచి, ఒక చట్టం నుంచి మరొకదానికి మారుతూ, పాతది చెల్లక కొత్తది కుదురుకోక నడుమ నిలిచిన సమాజపు బతుకుతెరువు. ఇక పారిశ్రామిక సహకారం వట్టి కొనుగోలు అమ్మకాలతో ఆగకుండా పెట్టుబడిని, యంత్రాన్ని, పనితనాన్ని, విపణిని ఒకే ప్రయత్నంలో కలుపుతుంది. ఇలా కలిసిన తరువాత లాభమెవరిది, నష్టమెవరిది, నేర్చుకున్న విద్య ఎవరి దగ్గర మిగులుతుంది అన్నవి ఒప్పందం రాసుకునేటప్పుడు లెక్కల ప్రశ్నలుగానే తోస్తాయి. ఒప్పందం తెగిపోయిన రోజున మాత్రం అవి న్యాయాన్యాయాల ప్రశ్నలుగా మారతాయి.

ఈ విచారానికి తెలుగునాట యానాంకన్నా తగిన చోటు మరొకటి లేదు. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట, ముప్పై చదరపు కిలోమీటర్లకు మించని నేల మీద, 2011 జనగణన నాటికి 55,626 మంది జనాభాతో ఉన్న ఈ ఊరు, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఆవరించి ఉన్నా పాలనలో వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పుదుచ్చేరికి చెందుతుంది. 1723లో ఫ్రెంచివారు ఇక్కడ స్థావరం పెట్టి, నాలుగేళ్లకే వదిలివెళ్లి, 1731లో తిరిగి వచ్చారు. ఆ తరువాత యుద్ధం వచ్చినప్పుడల్లా ఊరు ఆంగ్లేయుల చేతికి పోతూ, సంధి కుదిరినప్పుడల్లా తిరిగి వస్తూ, నెపోలియన్ పతనానంతరం స్థిరంగా ఫ్రెంచి ఏలుబడిలో నిలిచింది. పక్కనే ఉన్న ఇంజరం, నీలపల్లిలలో ఆంగ్లేయుల వర్తకశాలలు ఉండేవి. రెండు పెద్ద వాణిజ్య సామ్రాజ్యాల సుంకపు గీత ఈ ఊరి పొలిమేరగా ఉండడం వల్ల, పెద్ద కూటమికీ చిన్న ఆర్థిక వ్యవస్థకూ మధ్య సంబంధం ఎన్ని రూపాలు ధరించగలదో అన్నీ ఇక్కడ రెండు వందల ఏళ్లలో కనిపిస్తాయి.

ఆ రూపాలను కొలవడానికి ఒక కొలత కావాలి. భారతీయ ధర్మశాస్త్రం వ్యవహార పదాలు పద్దెనిమిదింటిని, అంటే రాజసభకు రాదగిన వివాదాల తరగతులను, లెక్కపెట్టింది; మనుస్మృతి క్రమంలో నాలుగవది సంభూయ సముత్థానం, అంటే పలువురు కూడి ఒక పనికి పూనుకోవడం వల్ల పుట్టే హక్కులు, బాధ్యతలు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలోనూ, యాజ్ఞవల్క్య, నారద, బృహస్పతి స్మృతులలోనూ ఇది విడి ప్రకరణంగా ఉంది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెనిగించాడు గనుక, ఈ శాస్త్రం తెలుగు దేశానికి దూరమైనది కాదు. ఇందులో గమనించదగిన విశేషం ఏమంటే, వర్తకులు కలిసి సరుకు కొనే వ్యాపారానికీ, శిల్పులు కలిసి గుడి కట్టే పనికీ, ఋత్విజులు కలిసి యజ్ఞం చేసే క్రతువుకూ శాస్త్రకారులు ఒకే శీర్షిక పెట్టారు. మనువు ఈ వివాదపదాన్ని యజ్ఞదక్షిణ పంపకంతోనే మొదలుపెట్టి, పదహారుమంది ఋత్విజులలో ముఖ్యులకు ఎంత, వారి సహాయకులకు ఎంత అని తేల్చి, మిగిలిన ఉమ్మడి పనులన్నింటికీ అదే పద్ధతిని అన్వయించమన్నాడు. యజ్ఞంలోని పంపకం వ్యాపారానికి నమూనా కావడమంటే, ఉమ్మడి పనిలో భాగం పంచడం ధర్మకార్యమే తప్ప కేవలం బేరం కాదని అంగీకరించడమే.

ఈ ప్రకరణంలోని నియమాలు సూక్ష్మమైనవి. వర్తకుల విషయంలో ఎవరి పెట్టుబడి ఎంతో వారి లాభనష్టాలు అంత. లేదా ముందుగా కుదుర్చుకున్న మాట ప్రకారం. తోటివారు వద్దన్న పనిని, వారి అనుమతి లేని పనిని చేసి, లేక అజాగ్రత్త వల్ల సరుకు పాడుచేసినవాడు ఆ నష్టాన్ని తానే భరించాలి. ఆపదలో ఉమ్మడి సొత్తును కాపాడినవాడికి అందులో పదవ వంతు అదనంగా ఇవ్వాలి. కౌటిల్యుడు మరొక అడుగు ముందుకు వేసి, పని నడుస్తుండగా అశక్తుడైపోయినవాడికి అప్పటిదాకా చేసిన పనికి తగిన భాగం ఇవ్వాలనీ, తన బదులు మరొక మనిషిని పంపితే పూర్తి భాగం ఇవ్వాలనీ చెప్పాడు. కానీ వీటన్నింటిలోకి లోతైనది శిల్పుల గురించిన నియమం. బృహస్పతి, కాత్యాయనుల పేరిట నిబంధ గ్రంథాలు నిలిపి ఉంచిన వచనాల ప్రకారం, కలిసి పనిచేసే శిల్పులు నాలుగు మెట్లవారు: పని నేర్చుకుంటున్నవాడు, పని తెలిసినవాడు, నిపుణుడు, ఆచార్యుడు. వారికి వరుసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు భాగాలు చెందాలి. ఆచార్యునికి నాలుగు భాగాలు రావడంలో ఆశ్చర్యం లేదు. నేర్చుకుంటున్నవాడికి కూడా కూలి కాకుండా భాగం ఉండడం, అతని ఎదుగుదలతోపాటు ఆ భాగం పెరిగే మార్గం ఆ నియమంలోనే ఉండడం, ఈ శాస్త్రం మానవజాతికి ఇచ్చిన గొప్ప ఆలోచనలలో ఒకటిగా ఎంచదగినది. విద్య అందుకునేవాడు విద్య ఇచ్చేవాడికి ఋణపడి ఉంటాడన్నది నిజమే అయినా, ఆ ఋణం అతని భాగాన్ని మింగేయకూడదని దీని తాత్పర్యం.

ఇక్కడ ఒక ఆక్షేపణ న్యాయంగానే లేస్తుంది. వర్ణాన్ని బట్టి వడ్డీనీ శిక్షనూ మార్చిన స్మృతులను, దాస్యాన్ని చట్టంగా గుర్తించిన గ్రంథాలను సమానతకు ప్రమాణంగా ఎలా తీసుకోగలరన్నది ఆ ఆక్షేపణ. దానిని దాటవేయడం తగదు. స్మృతుల సమాజం అసమాన సమాజమే. అందులోని అనేక నియమాలు నేటి మనస్సాక్షి ముందు నిలవవు. అయితే అసమాన సమాజంలో పుట్టిన శాస్త్రం గనుకనే అది, అసమానులు కలిసి పనిచేయవలసి వచ్చినప్పుడు తక్కువవాడి భాగాన్ని ఎలా కాపాడాలనే చిక్కును ఎదుర్కొనవలసి వచ్చింది. సమానుల మధ్య ఒప్పందాన్ని మాత్రమే ఊహించే సిద్ధాంతాలకు ఆ చిక్కు కనిపించదు. ప్రమాణంగా స్వీకరించవలసింది స్మృతుల సమాజ చిత్రాన్ని కాదు, పని చేసే చేతికి భాగం నిరాకరించకూడదని అవి తమ హద్దులలోనే చేరుకున్న ఆ ఒక్క నిర్ణయాన్ని.

రాజు వైపు నుంచి ఇదే ధర్మాన్ని తెలుగు నేల మీద కాకతీయ గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో ప్రకటించాడు. గాలివానకు దారి తప్పి తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకునంతా పూర్వరాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారని ఆ శాసనం దాపరికం లేకుండా చెప్పి, ధనం ప్రాణంకన్నా ప్రియమైనది గనుక, సాహసించి సముద్రం మీద తిరిగే వర్తకుల నుంచి కట్టడి చేసిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చింది. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. మూడు శతాబ్దాల తరువాత ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు రాజనీతి చెప్పేటప్పుడు కూడా రేవులను బాగుచేయడం, ఆపదపాలై తీరం చేరిన విదేశీయులను ఆదరించడం రాజధర్మాలుగా చెప్పాడు. ఈ రెండు చోట్లా బలవంతుడైన రాజు తన బలాన్ని ముందుగా తెలిపిన కొలతకు కట్టుబరచుకుంటున్నాడు. సుంకం ఎంత తక్కువన్నదానికన్నా అది రేపు మారదన్న నమ్మకమే ఆ అభయంలో విలువైన భాగం. వర్తకుడు దయను కోరడు. కొలత తెలిసిన చోటును కోరతాడు.

ఈ కొలతతో యానాం చరిత్రను చూస్తే బాధ కలుగుతుంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి కంపెనీకి కావలసింది గోదావరి మండలపు నూలు బట్ట. దానికోసం నేతగాళ్లకు ముందే సొమ్ము ముట్టజెప్పి, ఆ సొమ్ముకు బదులుగా బట్ట రాబట్టుకునే పద్ధతిని ఈ తీరంలోని కంపెనీలన్నీ అనుసరించాయి. నేతగాడి పనితనం మీద సముద్రాల అవతల వ్యాపారం నడిచినా, అతనికి ఆ వ్యాపారంలో భాగం లేదు, ఉన్నది బాకీ. తరువాత 1815 మార్చి 7న లండన్‌లో ఫ్రెంచి, ఆంగ్ల ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం మరింత విచిత్రమైనది. ఉప్పు, నల్లమందు వ్యాపారాలలో ఫ్రెంచివారు తమ హక్కులను వదులుకున్నందుకు ఆంగ్లేయులు ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు చెల్లించడానికి ఒప్పుకున్నారు. 1818లో ఫ్రెంచి స్థావరాలలో ఉప్పు తయారీనే మాన్పించి, ఉప్పుమడుల యజమానులకు ఏటా 4,000 పగోడాల పరిహారం నిర్ణయించారు. అంటే బలమైన వాణిజ్య వ్యవస్థ బలహీనమైనదానికి, పని చేసినందుకు కాక పని మానినందుకు డబ్బు ఇచ్చింది. ఆ డబ్బు ఖజానాకు, యజమానికి చేరింది. ఉప్పు పండించే చేతులకు పని పోయింది. పరిహారానికీ భాగానికీ ఉన్న భేదం ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. భాగం ఉన్నవాడు పనిలో ఉంటాడు, లెక్క అడుగుతాడు, రేపటి గురించి మాట్లాడతాడు. పరిహారం పుచ్చుకున్నవాడు ఆ మూడింటినీ సంతకంతోపాటే వదులుకుంటాడు.

పని పోయిన చేతులు ఎక్కడికి వెళతాయన్న ప్రశ్నకు యానాం రేవు జవాబు చెప్పింది. 1828లో లా తుర్క్వాజ్ అనే ఓడ ఇక్కడి నుంచి పదిహేనుమంది తెలుగువారిని ఒప్పందపు కూలీలుగా హిందూ మహాసముద్రంలోని బూర్బోన్ దీవికి, అంటే నేటి రెయూనియన్‌కు, తీసుకువెళ్లింది. ఫ్రెంచి చెరకు తోటలకు భారతదేశం నుంచి సాగిన కూలీల వలస చరిత్ర ఆ పదిహేనుమందితోనే ఆరంభమవుతుంది. వారి చేతిలో ఒప్పందం ఉంది. ఒప్పందం ఉన్నంతమాత్రాన వారు భాగస్వాములు కాలేదు. ఇష్టపడి వేలిముద్ర వేసినవాడికి అన్యాయం జరగదనే వాదాన్ని 1967లో ఆరవ పాల్ పోపు తన పోపులోరుం ప్రోగ్రెస్సియో లేఖలో తిరస్కరించి, రెండు పక్షాల బలాబలాలలో తేడా మితిమీరినప్పుడు కేవలం పరస్పర సమ్మతి ఒప్పందాన్ని న్యాయమైనదిగా చేయలేదని, ఈ సూత్రం మనుషుల మధ్య కూలి ఒప్పందానికి ఎలా వర్తిస్తుందో రాజ్యాల మధ్య వాణిజ్యానికీ అలాగే వర్తిస్తుందని బోధించాడు. ఫ్రెంచివారి కాలం నుంచీ క్రైస్తవ దేవాలయం ఉన్న ఊరిలో ఈ బోధకు ప్రత్యేకమైన సార్థకత ఉంది. స్మృతికారులు ముందుగా కుదుర్చుకున్న మాటకు విలువ ఇచ్చినా, కుటిల భాగస్వామిని లాభం లేకుండా వెలివేయమనడం వెనుకా ఇదే ఎరుక ఉంది: మాట ఇచ్చినవాడి స్థితిని చూడకుండా మాటను మాత్రమే చూడడం న్యాయం కాదు.

20వ శతాబ్దంలో యానాం బతుకు క్రమంగా గీత మీదకు మారింది. గీతకు ఇటు ఒక చట్టం, అటు ఒక చట్టం. ఇటు ఒక సుంకం, అటు ఒక సుంకం. ఆ తేడానే ఊరికి ఆదాయమయింది. బ్రిటిషు ఇండియాలో 1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమలులోకి వచ్చి బాల్యవివాహాలను నిషేధించగానే, చుట్టుపక్కల జిల్లాలవారు పసిపిల్లల పెళ్లిళ్లకు యానాం దారి పట్టారు. విదేశీ సరుకుల కోసం మంగళవారం సంతకు వచ్చేవారి గురించి ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1941లో ఫ్రెంచి ఇండియాకూ బ్రిటిషు ఇండియాకూ మధ్య సుంకాల సమాఖ్య ఏర్పడి, చిన్న స్థావరాలు పెద్ద సుంకపు గీత లోపలికి వచ్చాయి. 1949లో స్వతంత్ర భారతదేశం ఆ సమాఖ్యను ముగించగా గీత మళ్లీ లేచింది. రెండు నిర్ణయాలకూ వాటి కారణాలు వాటికి ఉన్నాయి. ఫ్రెంచి పాలన ముగియాలన్న ఆకాంక్ష న్యాయమైనదే. కానీ ఎనిమిదేళ్ల వ్యవధిలో గోడ తొలగడం, తిరిగి లేవడం, రెండూ యానాం ప్రజలతో నిమిత్తం లేకుండా జరిగాయి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన విమోచనోద్యమకారులు ఊరి పాలనను చేపట్టారు. నవంబరు 1న అది వాస్తవంగా భారతదేశానికి బదిలీ అయింది. 1956 మే 28న విలీన ఒప్పందం మీద సంతకాలై, 1962 ఆగస్టు 16న చట్టబద్ధంగా అమలయింది. ఎనిమిదేళ్లు యానాం ఆచరణలో ఒక దేశానిది, కాగితంలో మరొక దేశానిది. పరివర్తన దశ అనే పారిభాషిక పదానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ తెలుగువారికి లేదు.

తేడా మీద వచ్చే ఆదాయాన్ని భాగం అనవచ్చునా అన్నది ఇక్కడి అసలు చిక్కు. సంభూయ సముత్థానంలో భాగానికి మూలం ముగ్గురు తెచ్చే మూడు వస్తువులు: వర్తకుని పెట్టుబడి, శిల్పి పనితనం, ఋత్విజుని శ్రమ. గీతకు ఇవతల ఉండడం ఈ మూడింటిలో ఏదీ కాదు. అది చేసినది కాదు, కలిగినది. కలిగినది ఇచ్చినవారి ఇష్టం మీద పోతుంది కూడా. చిన్న ప్రాంతానికి రాయితీ ఇచ్చి పరిశ్రమను రప్పించే విధానం మంచి ఉద్దేశంతో మొదలైనా, ఆ రాయితీ ఉన్న కాలంలో ఊరివారు పనితనం సంపాదించుకోకపోతే, రాయితీ తొలగిన రోజున వారి చేతిలో మిగిలేది ఖాళీ స్థలమే.

ఇందుకు భిన్నమైన మార్గం తెలుగునాటనే నడిచింది గనుక, ఇది ఆచరణలో లేని ఆదర్శం కాదు. స్వాతంత్ర్యానంతరం భారతదేశం తూర్పు యూరపు సోషలిస్టు కూటమితో పారిశ్రామిక సహకారం పెట్టుకున్నప్పుడు, 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సంస్థకు సోవియట్ సహాయంతో హైదరాబాదులో మందుల కర్మాగారం వచ్చింది. రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్‌కు, 1966లో విశాఖపట్నంలో మొదలైన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్‌కు చెకోస్లొవేకియా తోడ్పడింది. ఆ కూటమికి రాజకీయ ప్రయోజనాలు లేకపోలేదు. ఆ కర్మాగారాలన్నీ లాభాలతో నడవనూ లేదు, ఐడీపీఎల్ చివరకు మూతపడింది. అయినా అక్కడ నేర్చుకున్నవారు మిగిలారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించాడు. సోవియట్ యూనియన్ అంతరించాక రష్యా వంటి దేశాలు తామే పరివర్తన దశలో పడినప్పుడు, హైదరాబాదు మందులు ఆ విపణికి వెళ్లాయి. విద్యార్థి ఆచార్యుని ఇంటికే మందు పంపిన ఆ ఘట్టం, శిల్పుల మెట్ల నియమానికి చరిత్ర రాసిన వ్యాఖ్యానం. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేసేనాటికి ఒప్పందం చేసుకున్న రాజ్యమే లేదు. భాగస్వామి మాయమైనా కొలిమి ఆరలేదంటే, పని తెలిసిన చేతులు ఇక్కడ తయారై ఉండడమే కారణం.

ఆ సోషలిస్టు కూటమి కమెకాన్ 1991 జూన్‌లో రద్దయింది. అప్పటికే యూరోపియన్ సమాజం 1989లో పోలండ్, హంగరీల కోసం ఫేర్ అనే సహాయ కార్యక్రమాన్ని, 1991లో మాజీ సోవియట్ రాజ్యాల కోసం తాసిస్‌ను ఆరంభించింది. అదే ఏడాది పునర్నిర్మాణానికి ఒక ప్రత్యేక బ్యాంకు లండన్‌లో వెలిసింది. ఆ కాలపు రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడదగినవి. తూర్పు జర్మనీలో సుమారు 8,500 ప్రభుత్వ సంస్థలను, వాటిలోని 40 లక్షల మంది ఉద్యోగులను ట్రాయ్‌హాండ్ అనే ధర్మకర్తృత్వ సంస్థకు అప్పగించగా, 1990 నుంచి 1994 వరకు నాలుగేళ్లలో అది అమ్మవలసినవి అమ్మి, మూయవలసినవి మూసి, తన పని ముగించింది. చెకోస్లొవేకియాలోని స్కోడా కార్ల సంస్థ 1991లో జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్‌తో ఉమ్మడి వ్యాపారంగా మొదలై, 2000 నాటికి పూర్తిగా జర్మన్ సంస్థ సొంతమైనా, కార్ల తయారీ, రూపకల్పన, పేరు చెక్ నేల మీదే నిలిచాయి. మొదటిచోట ప్రజల సొత్తును వారి మేలు కోసమే మరొకరు నిర్వహించారు. రెండవచోట యాజమాన్యం చేతులు మారినా పని చేతులు మారలేదు. గాంధీజీ చెప్పిన ధర్మకర్తృత్వ సిద్ధాంతంలోని బలమూ బలహీనతా ఈ పోలికలో తేలిపోతాయి. ధనికుడు తన సంపదను సమాజం తరఫున కాపాడే ధర్మకర్తగా భావించుకోవాలన్న బోధ అతని మనస్సును మార్చగలదు. కానీ ధర్మకర్త ఎంత సజ్జనుడైనా నిర్ణయం అతనిదే, లెక్క అతని దగ్గరే. స్మృతులు చెప్పిన భాగస్వామ్యం దీనికన్నా కఠినమైనది. అది బలవంతుని మంచితనం మీద ఆధారపడదు.

విలీనానంతర యానాం ఈ మార్గాలలో దేనికి దగ్గరగా నడిచిందో చూడవలసి ఉంది. కేంద్రపాలిత ప్రాంతంలోని పన్నుల వెసులుబాటు, గోదావరి పరీవాహకంలో దొరికే సహజవాయువు పరిశ్రమలను ఆకర్షించాయి. 1980లలో ఇక్కడ వెలసిన రీజెన్సీ సెరామిక్స్ టైల్స్ కర్మాగారం వేలమందికి ఆధారమయింది. వేతనాలు, ఉద్యోగాల క్రమబద్ధీకరణ మీద సాగిన వివాదం 2012 జనవరి 27న హింసగా మారి, ఒక కార్మిక నాయకుడూ సంస్థ ఉన్నతాధికారీ ఒకే రోజున ప్రాణాలు కోల్పోగా, మంటల పాలైన కర్మాగారం మూతపడింది. ఆ రెండు మరణాలలో దేనినీ మరొకదానికి లెక్కగా చూపడం అధర్మం. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను దేశమంతటినీ ఒకే పన్ను కూటమిగా చేయడంతో యానాంకు ఉన్న పన్నుల తేడాలో చాలా భాగం మాయమయింది. ఆ పన్ను పరిధిలోకి రాని పెట్రోలు, మద్యం మాత్రం మిగిలి, చుట్టుపక్కల వాహనాలను నేటికీ ఊరికి రప్పిస్తున్నాయి. తీరానికి ఆవల చమురు, వాయువుల అన్వేషణ వల్ల వేట సాగని కాలానికి మత్స్యకారులు పరిహారం అడగవలసి వచ్చింది. పరిహారం వారికి అవసరమే, హక్కు కూడా. కానీ ఉప్పు మాన్పించి పగోడాలు ఇచ్చిన 1818 నాటి ఏర్పాటుకూ దీనికీ స్వభావంలో పోలిక ఉందని గుర్తించకపోతే చరిత్ర చదివిన ఫలం లేదు. వల వేసే చేతికి వాయువు పరిశ్రమలో నేర్చుకునే మెట్టు ఒకటి, ఆ మెట్టుతోపాటు భాగం ఒకటి ఉండాలని అడగడం ఇంకా మొదలుకావలసి ఉంది.

నష్టం ఎవరిదన్న ప్రశ్న మిగిలి ఉంది. ఇస్లామీయ న్యాయశాస్త్రంలో ముదారబా అనే భాగస్వామ్య పద్ధతి ఉంది. ఒకరు పెట్టుబడి పెడతారు, మరొకరు శ్రమపడి వ్యాపారం నడుపుతారు. లాభాన్ని ముందుగా కుదుర్చుకున్న వంతుల ప్రకారం పంచుకుంటారు. పనిచేసినవాడి అజాగ్రత్త లేకుండా నష్టం వస్తే ధననష్టమంతా పెట్టుబడిదారునిదే, ఎందుకంటే రెండవవాడు తన శ్రమను అప్పటికే పోగొట్టుకున్నాడు. శ్రమ పోవడాన్ని నష్టంగా గుర్తించిన ఈ న్యాయం, పారిశ్రామిక సహకార ఒప్పందాలు రాసేవారు తలుచుకోవలసినది. పరిశ్రమ మూతపడ్డ ఊరిలో యంత్రాలకు బీమా ఉంటుంది, అప్పులకు న్యాయస్థానం ఉంటుంది. ఇరవై ఏళ్లు ఒకే కొలిమి దగ్గర నేర్చుకున్న పని మరెక్కడా పనికిరాకుండా పోయిన మనిషి నష్టానికి ఒప్పందంలో గడి ఉండదు. బలమైన కూటమి బలహీనమైన ప్రాంతంతో చేతులు కలిపేటప్పుడు ఎన్ని కోట్లు తెస్తున్నదో ప్రకటిస్తుంది. వెళ్లిపోయేటప్పుడు ఎన్నాళ్ల ముందు చెబుతుందో, ఎవరికి ఏ పని నేర్పి వెళుతుందో ప్రకటించదు. ఋత్విజుడు యజ్ఞం మధ్యలో తప్పుకుంటే అతని భాగం ఎంతో చెప్పిన శాస్త్రం, యజమానే మధ్యలో లేచిపోతే ఏమిటన్నదానిని నేటివారికి వదిలిపెట్టింది.

యాజ్ఞవల్క్యుడు ఇద్దరు భాగస్వాముల మధ్య చేసిన విభజన ఈ సందర్భంలో కీలకమైనది. కుటిలుడైన భాగస్వామిని లాభం లేకుండా వెళ్లగొట్టాలి. అశక్తుడైనవాడు మాత్రం తన పనిని మరొకరి చేత చేయించుకుని భాగస్వామిగానే కొనసాగవచ్చు. 1993లో కోపెన్‌హాగన్ సభలో యూరోపియన్ నాయకులు కొత్తగా చేరదలచిన దేశాలకు ప్రజాస్వామ్యం, నడిచే విపణి, పోటీని తట్టుకునే శక్తి అనే షరతులు పెట్టినప్పుడు, వాటిలో మొదటిది కుటిలత్వం నుంచి రక్షణ. చివరిది అశక్తతకు విధించిన గడువు. 2004 మే 1న చేరిన పది దేశాలలో మాజీ సోషలిస్టు దేశాలు ఎనిమిది ఆ గడువును దాటాయి. దాటడానికి వాటికి పదేళ్లకు పైగా వ్యవధి, డబ్బు, శిక్షణ దొరికాయి. యానాంకు 1949లో అటువంటి వ్యవధి దొరకలేదు, 2017లో ఎవరూ అడగలేదు. పుదుచ్చేరి శాసనసభలో ఒకే ఒక్క సభ్యుని స్థానం ఉన్న ఈ ఊరు, తన చుట్టూ పన్నుల గీతలు మారే ముందు తనకు ఎంత వ్యవధి కావాలో, ఆ వ్యవధిలో తన యువకులు వాయువు, రసాయన, నౌకా పరిశ్రమలలో ఏ మెట్టు వరకు నేర్చుకోవాలో లెక్కగట్టి అడిగితే, అది రాయితీ కోరడం కాదు. అశక్తుడైనా భాగస్వామిగానే ఉన్నవాడు అడగదగిన న్యాయమే.